తోటలో రాలిన ఆకులతో కుండీ మట్టి: మీకు నప్పే పద్ధతి ఏది?

తోట ఊడ్చిన ప్రతిసారీ ఒక మూల ఆకుల గుట్ట లేస్తుంది. పీకిన కలుపు, కత్తిరించిన రెమ్మలు, కాపు అయిపోయిన మొక్కలు దానికి తోడవుతాయి. వీటితోనే కుండీలకు మట్టి చేసుకుందామని నలుగురినీ అడిగితే, మూడు వారాల్లో అయిపోతుందని ఒకరు, రెండేళ్లు ఆగాల్సిందేనని ఇంకొకరు, వానపాములు లేనిదే కుదరదని మరొకరు చెబుతారు. ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. అందరూ కంపోస్ట్ అనే ఒకే మాట వాడుతున్నా, వాళ్ల చేతికొచ్చే సరుకు మాత్రం వేర్వేరు. ఒకటి నీటిని పట్టి ఉంచుతుంది, ఇంకొకటి మొక్కకు తిండి పెడుతుంది. ఆ తేడా తెలియకుండా పద్ధతి ఎంచుకుంటే, కష్టపడి చేసిన ఎరువులోనే మొక్క వాడిపోతుంది.

నాకు ఆ అనుభవం అయింది. మొదటిసారి చేసిన కంపోస్ట్ నల్లగా, ముచ్చటగా వచ్చిందని మురిసిపోయి, పిడికెడు మట్టి కూడా కలపకుండా కుండీలన్నీ అంచుదాకా దానితోనే నింపాను. రెండు నెలలకు టమాటా మొక్క కుండీలో నాలుగు అంగుళాలు కిందికి దిగిపోయింది. పైన ఎండినట్టు కనిపిస్తోందని రోజూ నీళ్లు పోశాను. అడుగున బురద. వేర్లు కుళ్లాక గానీ సంగతి అర్థం కాలేదు.

## ఎరువు వేరు, కుండీ మట్టి వేరు

నేలలో చల్లిన కంపోస్ట్‌లో ఏదైనా లోపం ఉంటే నేల సర్దుకుంటుంది. ఉప్పు ఎక్కువైతే వాన కడిగేస్తుంది, గాలి చాలకపోతే వేరు పక్కకు పాకుతుంది. కుండీలో వేరుకు ఆ పది లీటర్ల చోటే దిక్కు. అందులోనే తడి నిలవాలి, ఎక్కువైన నీరు కారిపోవాలి, గాలి ఆడాలి, కొద్దిగా పోషకం ఉండాలి, ఏడాది గడిచినా మట్టి కుంగకూడదు. ఒట్టి కంపోస్ట్ వీటిలో పోషకం ఒక్కటే బాగా ఇస్తుంది. అది కుండీలో కూడా ఇంకా చివుకుతూనే ఉంటుంది కాబట్టి కుంగుతుంది, మెత్తటి రేణువులు అడుగుకు చేరి గాలి సందులు మూసేస్తాయి.

అందుకని ఇక్కడ ప్రతి పద్ధతినీ ఎంత త్వరగా ఎరువు ఇస్తుందని కాకుండా, కుండీలో దాని పని ఏమిటని చూస్తాను.

## తేల్చుకునే ముందు చూసుకోవాల్సినవి

మీ తోటలో రాలేది ఏమిటి? అన్నిటికంటే ముందు ఇదే. సూక్ష్మజీవులకు కర్బనం, నత్రజని రెండూ కావాలి. బరువులో నత్రజని ఒక పాలు ఉంటే కర్బనం 25 నుంచి 30 పాళ్లు ఉన్నప్పుడు అవి చురుగ్గా పనిచేస్తాయి. ఎండుటాకుల్లో ఈ లెక్క సుమారు 40 నుంచి 80 దాకా ఉంటుంది. అప్పుడే కోసిన పచ్చగడ్డిలో 20 చుట్టూ. రంపపు పొట్టులో వందల్లో ఉంటుంది. అంటే ఒట్టి ఎండుటాకులు మెల్లగా చివుకుతాయి, ఒట్టి పచ్చిరొట్ట ముద్దగట్టి కంపు కొడుతుంది. మీ దగ్గర తొంభై శాతం ఎండుటాకులే అయితే సగం నిర్ణయం అయిపోయినట్టే.

ఎప్పటికి కావాలి? వచ్చే నెలకా, వచ్చే ఏడాదికా?

ఎన్ని కుండీలున్నాయి? ఈ ప్రశ్న ఎవరూ అడగరు. పది లీటర్ల కుండీలు పది ఉంటే మొత్తం కావాల్సిన మట్టి 100 లీటర్లు. అందులో కంపోస్ట్ పావు వంతు అనుకుంటే 25 లీటర్లు, రెండు బకెట్ల పైచిలుకు. దానికోసం లారీడు ఆకులు పోగుచేసి తిరగేయనక్కర్లేదు.

ఒళ్లు ఎంత వంచగలరు? నడుం నొప్పి ఉన్నవాళ్లు కుప్ప తిరగేసే పద్ధతి జోలికి వెళ్లకపోవడం మంచిది. తడిసిన కుప్ప చూడ్డానికి ఆకులే అయినా పారతో ఎత్తితే మట్టి బరువు ఉంటుంది.

విత్తనాలు చల్లడానికా, ఎదిగిన మొక్కలకా? లేత మొలకకు ఉప్పు, ఘాటు పడవు. పెద్ద మొక్క తట్టుకుంటుంది.

కలుపు, తెగులు ఎంత ఉంది? గింజ పట్టిన కలుపు కుప్పలో వేస్తే, వేడి ఎక్కని పద్ధతుల్లో ఆ గింజలు భద్రంగా ఉండి మీ కుండీలోనే మొలుస్తాయి.

| పద్ధతి | ఏ సరుకుకు | ఎంత కాలం | శ్రమ | కలుపు గింజలు చస్తాయా | కుండీలో పని |
|---|---|---|---|---|---|
| ఎండుటాకుల మాగుడు (లీఫ్ మోల్డ్) | ఎండుటాకులు మాత్రమే | 1–2 ఏళ్లు | చాలా తక్కువ | చావవు | తడి, గుల్లతనం; మిశ్రమానికి పునాది |
| వేడి కుప్ప | ఎండు, పచ్చి కలిపి, ఒకేసారి ఘనమీటరు | 3–8 వారాలు, ఆపైన మాగడానికి నెలో రెండో | చాలా ఎక్కువ | సరిగ్గా చేస్తే చాలావరకు | పోషకం |
| నెమ్మది కుప్ప లేదా డ్రమ్ము | వచ్చింది వచ్చినట్టు | 6–12 నెలలు | తక్కువ | చావవు | పోషకం, కొంత గుల్లతనం |
| వానపాముల ఎరువు | కొంచెం చివికిన ఆకులు, మెత్తటి పచ్చి వ్యర్థం | 2–4 నెలలు | మధ్యరకం, రోజూ ఒక కన్ను | చావవు | గాఢమైన పోషకం, కొద్దిగా చాలు |
| గొయ్యి, కుండీలో పొరలు | ఏదైనా | 4–8 నెలలు | ఒక్క రోజు పని | చావవు | నేలకు మేలు, కుండీకి అంతంతమాత్రం |

## ఎండుటాకుల మాగుడు

ఎక్కువ మంది చిన్నచూపు చూసేది దీన్నే. నా లెక్కలో కుండీలవాళ్లకు అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చేదీ ఇదే. చెట్ల కింద ఏళ్ల తరబడి ఎవరూ ఊడ్వని చోట పైపొర తీసి చూడండి. కింద ముదురు గోధుమరంగులో, నలిపితే పొడయ్యే, వాన వెలిసిన వాసన వేసే పదార్థం ఉంటుంది. ఇంట్లో చేసుకునేది కూడా అదే, కాకపోతే సంచిలో.

ఎండుటాకుల్లో నత్రజని తక్కువ, లిగ్నిన్ అనే గట్టి పదార్థం ఎక్కువ. దాన్ని విడగొట్టేది ముఖ్యంగా బూజు జాతి. సంచి తెరిస్తే ఆకుల మధ్య తెల్లటి దారాలు అల్లుకుని కనిపిస్తాయి, చాలామంది పాడైపోయిందని పారబోస్తారు. అయ్యో, పని జరుగుతున్నట్టు గుర్తు అదే! బూజుకు వేడి, తిరగేయడం అక్కర్లేదు. తడి కావాలి, కొంచెం గాలి కావాలి.

చేసే తీరు ఇంతే. ఆకులు బాగా తడిపి పెద్ద ప్లాస్టిక్ సంచిలో తొక్కి నింపండి. పక్కలకు పది పదిహేను చిల్లులు పొడిచి మూతి వదులుగా కట్టి నీడలో పెట్టండి. స్థలం ఉంటే నాలుగు గుంజలు పాతి చుట్టూ జాలీ కట్టి అందులో పోసినా సరే. రెండు నెలలకోసారి చెయ్యి పెట్టి చూడండి. పొడిగా ఉంటే నీళ్లు చల్లండి. ఈ పద్ధతిలో విఫలమైనవాళ్లలో ఎక్కువ మంది చేసిన తప్పు ఈ ఒక్కటే: పొడి ఆకులు సంచిలో కట్టి ఏడాది తర్వాత విప్పి, అవే పొడి ఆకులు చూసి నిట్టూర్చడం.

ఆకు రకం బట్టి కాలం మారుతుంది. పలచటి ఆకులు ఏడాదిలో నలుగుతాయి. మామిడి, మాగ్నోలియా, రబ్బరు మొక్కల్లాంటి తోలు మందం ఆకులకు పైన మైనపు పొర ఉంటుంది, నీరు లోపలికి దిగదు; వాటిని ముక్కలు చేయకపోతే రెండేళ్లు దాటుతుంది. గడ్డి కోసే మిషను ఆకుల మీద రెండుసార్లు నడిపిస్తే చాలు, కాలం సగానికి సగం తగ్గుతుంది. పైన్ సూదులు వేరే సంచిలో వేసుకోండి, అవి మూడేళ్లు తీసుకున్నా ఆశ్చర్యం లేదు. యూకలిప్టస్ ఆకుల్లోని నూనెలు మొలకల్ని అణచిపెడతాయి కాబట్టి వాటిని విత్తనాల మట్టికి వాడే సంచిలో కలపకండి.

ఏడాది మాగినది ఇంకా ముక్కలు ముక్కలుగా ఉంటుంది, పెద్ద కుండీల మిశ్రమానికీ మల్చింగ్‌కీ (మొక్క మొదట్లో మట్టి పైన కప్పడానికీ) అది చాలు. రెండేళ్లు మాగి, జల్లెడలోంచి జారేది విత్తనాల మట్టికి బంగారం. పోషకం మాత్రం తక్కువని గుర్తుంచుకోండి. తొక్కి నింపిన సంచి ఏడాది చివరికి పావు వంతుకు దిగడం మామూలే కాబట్టి, అవసరం అనుకున్నదానికి నాలుగు రెట్లు నింపాలి.

కుండీ మట్టిలో ఆకుల మాగుడు వాడకం కొత్తదేమీ కాదు. పీట్ వాడకం పెరగకముందు తోటమాలులు దీన్నే కలిపేవారు. 1930ల్లో ఇంగ్లండ్‌లోని జాన్ ఇన్నెస్ ఉద్యాన సంస్థలో రూపొందిన ప్రసిద్ధ మిశ్రమంలో 7 పాళ్లు తోటమట్టి, 3 పాళ్లు పీట్, 2 పాళ్లు ముతక ఇసుక ఉండేవి. పీట్ అంటే చిత్తడి నేలల్లో ఏడాదికి సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున పేరుకునే నాచు పొర. మీ సంచిలో ఏడాదిలో తయారయ్యేదాన్ని వదిలేసి, వేల ఏళ్లలో పేరుకున్నదాన్ని తవ్వి తెచ్చుకోవడం నాకు రుచించదు. ఆ మూడు పాళ్ల చోటులో ఆకుల మాగుడు చక్కగా కూర్చుంటుంది.

## వేడి కుప్ప

అందరికీ ఆకర్షణ ఇక్కడే. కుప్పలోంచి ఆవిర్లు లేవడం చూస్తే ఎవరికైనా సరదాగానే ఉంటుంది. పచ్చి, ఎండు కలిపి వేస్తే రెండు మూడు రోజుల్లో లోపలి వేడి 55 నుంచి 65 డిగ్రీల సెంటీగ్రేడ్‌కు ఎక్కుతుంది. 70 దాటితే పనిచేసే సూక్ష్మజీవులే చచ్చిపోతాయి, వెంటనే తిరగేసి చల్లార్చాలి.

షరతులు మాత్రం గట్టివి. మొదటిది, పరిమాణం. పొడవు, వెడల్పు, ఎత్తు మూడేసి అడుగులకు తగ్గితే పుట్టిన వేడి పుట్టినట్టే బయటికి పోతుంది. రెండోది, సరుకంతా ఒకేసారి చేతిలో ఉండాలి. రోజుకో గంపెడు వేస్తూ పోతే కుప్ప ఎప్పటికీ వేడెక్కదు. మూడోది, పాళ్లు. కొలతకు ఎండుటాకులు రెండు గంపలైతే పచ్చిరొట్ట ఒక గంప, అక్కడి నుంచి సర్దుకోవాలి. అమ్మోనియా ఘాటు వస్తే పచ్చి ఎక్కువైందని, మురిగిన గుడ్డు వాసన వస్తే గాలి ఆడటం లేదని అర్థం. తడి ఎంత ఉండాలంటే, గుప్పిట పిండితే ఒకటి రెండు చుక్కలు రాలాలి, ధార కారకూడదు.

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్కిలీ ప్రాంగణం పేరుతో ప్రచారమైన వేగ పద్ధతిలో సరుకంతా అంగుళం ముక్కలు చేసి, దాదాపు రోజూ తిరగేస్తారు. రెండు మూడు వారాల్లో అయిపోతుంది. మూడు వారాల మాట వినే చాలామంది రోజూ తిరగేయాలన్న మాట వినరు. నాలుగో రోజు వర్షం, ఆరో రోజు చుట్టాలు, పదో రోజుకు కుప్ప చల్లారి నెమ్మది కుప్ప అయిపోతుంది.

మరి ఇంత కష్టం ఎందుకు? ఒక్క కారణం ఉంది, అది బలమైనదే. కలుపు గింజల్నీ, చాలా రకాల తెగుళ్లనీ చంపగలిగేది ఈ వేడే. అయితే కుప్ప నడుమ ఉడుకుతున్నా అంచులు చల్లగానే ఉంటాయి. మురుగు బురదను బారు కుప్పలుగా కంపోస్ట్ చేసేవాళ్లకు అమెరికా పర్యావరణ సంస్థ పెట్టిన నిబంధన చూస్తే ఈ సంగతి తెలుస్తుంది: 55 డిగ్రీలు లేదా అంతకు మించి 15 రోజులు ఉండాలి, ఆ లోపల కనీసం 5 సార్లు తిరగేయాలి. అంచున ఉన్నది నడుమకు రావాలన్నదే అందులో ఆంతర్యం. ఇంట్లో కుప్పకు పొడుగు కాడ థర్మామీటరు ఒకటి ఉంటే ఊహాగానాలు తప్పుతాయి.

ఒక ఘనమీటరు కుప్ప దిగి దిగి మూడో వంతు నుంచి సగం దాకా మిగులుతుంది, అంటే 350 నుంచి 500 లీటర్లు. మిశ్రమంలో మూడో వంతు కలిపినా వంద పెద్ద కుండీలకు సరిపోతుంది. బాల్కనీలో ఎనిమిది కుండీలున్నవాళ్లు దీనికోసం టెన్షన్ పడటం దండగ. ఇంకో మాట: వేడి తగ్గగానే ఎరువు తయారైనట్టు కాదు. పచ్చివాసన పోయేదాకా ఇంకో నెలో రెండు నెలలో మాగనివ్వాలి. మాగనిది కుండీలో పోస్తే, అందులోని సూక్ష్మజీవులు మిగిలిన చివుకుడు పని కోసం మొక్కకు అందాల్సిన నత్రజనిని లాగేసుకుంటాయి, ఆకులు పసుపు తిరుగుతాయి.

## నెమ్మది కుప్ప, డ్రమ్ము

ఇది అసలు పద్ధతే కాదని కొందరు అంటారు. వచ్చిన చెత్త వచ్చినట్టు వేస్తూ, పచ్చిది పడ్డప్పుడల్లా పైన ఎండుటాకులు కప్పుతూ పోవడమే. ఆరు నెలల నుంచి ఏడాది లోపు అడుగున ఉన్నది తయారవుతుంది. రెండు డ్రమ్ములు పెట్టుకుని, ఒకటి నిండాక దాన్ని మాగడానికి వదిలి రెండోది మొదలుపెట్టండి. ఒక్కటే ఉంటే పైనుంచి పచ్చివి పడుతూనే ఉంటాయి, ఎప్పటికీ తయారు కాదు.

దీనికి, వేడి కుప్పకు మధ్యలో పెట్టదగ్గది బ్రిటిష్ వ్యవసాయ శాస్త్రవేత్త ఆల్బర్ట్ హోవార్డ్ 1924–31 మధ్య ఇండోర్‌లో తీర్చిదిద్దిన పద్ధతి. మొక్కల వ్యర్థాలు, పశువుల పేడ పొరలుగా వేసి కొన్నిసార్లు మాత్రమే తిరగేస్తారు, మూడు నెలలకు వస్తుంది. పేడ దొరికేవాళ్లకు ఇది మంచి రాజీ మార్గం. నత్రజనితో పాటు సూక్ష్మజీవులు కూడా పేడతోనే వస్తాయి కాబట్టి ఎండుటాకులు ఎక్కువైనా నడుస్తుంది.

నెమ్మది కుప్పలో పిండి కొద్దీ రొట్టె. గింజ పట్టిన కలుపు వేస్తే గింజలే తిరిగొస్తాయి. పూత రాకముందే పీకిన కలుపు మాత్రమే వేస్తానని నియమం పెట్టుకోగలిగితే, ఈ పద్ధతికి వంక పెట్టడానికి ఏమీ ఉండదు.

## వానపాముల ఎరువు

తోట మట్టి తవ్వితే కనిపించే వానపాములు దీనికి పనికిరావు. వాటిలో చాలావరకు నేల లోతుకు బొరియలు చేసుకునేవి. ఎరువుకు కావాల్సింది పైపొరలో కుళ్లే పదార్థం తినే ఎర్ర వానపాములు, శాస్త్రీయంగా ఐసీనియా ఫెటిడా. 15 నుంచి 30 డిగ్రీల మధ్య హాయిగా ఉంటాయి, 35 దాటితే చచ్చిపోవడం మొదలవుతుంది. ఎండ తగిలే మేడ మీద తొట్టి పెట్టాలనుకునేవాళ్లు ఇది రెండుసార్లు చదవండి.

తోట ఆకుల విషయంలో వీటికి ఒక పేచీ ఉంది. పచ్చిరొట్ట తెచ్చి నేరుగా తొట్టిలో కుమ్మరిస్తే అది వేడెక్కి వాటిని చంపేస్తుంది. ఎండుటాకులు వేస్తే ముట్టవు. రెండు మూడు వారాలు బయట కుప్పగా వేసి సగం చివికించి, చల్లారాక పెట్టాలి. అంటే ఇక్కడ కూడా ముందు ఒక చిన్న కుప్ప తప్పదు. రాత్రికి రాత్రి వానపాములు తొట్టి గోడలెక్కి పారిపోతుంటే లోపల ఏదో తేడా ఉన్నట్టు, ఎక్కువగా తడి మించిపోయి ఉంటుంది.

ఇంత చేస్తే వచ్చేది కొంచెమే, అయినా గట్టి సరుకు. కుండీ మిశ్రమంలో పదో వంతు నుంచి ఐదో వంతు వరకు చాలు. మంచిది కదా అని సగం పోస్తే లవణాలు పెరుగుతాయి, మట్టి బంకలా బిగుస్తుంది. కొద్ది చోటులో, కొద్ది కుండీలతో, రోజూ చూసుకునే ఓపిక ఉన్నవాళ్లకు ఇది సరదా కూడా. నెల రోజులు ఊరెళ్లే అలవాటుంటే వద్దు.

## గొయ్యి, కుండీలో పొరలు

గొయ్యి తవ్వి ఆకులు పూడ్చేస్తే ఆ చోట నేల బాగుపడుతుంది, తర్వాత అక్కడే మొక్క పెట్టుకోవచ్చు. కుండీ కోసం దాన్ని తవ్వి తీయడం మాత్రం తెలివైన పని కాదు. గాలి తగలక ముద్దగా ఉంటుంది, చుట్టూ ఉన్న మట్టితో కలిసిపోతుంది.

కుండీ అడుగున సగం దాకా ఎండుటాకులు నింపి పైన మట్టి పోసే చిట్కా బాగా తిరుగుతోంది. పెద్ద తొట్టిలో, మూణ్ణాలుగు నెలల్లో కాపు అయిపోయే మొక్కలకు, పైన కనీసం ఎనిమిది అంగుళాలు మంచి మిశ్రమం ఉంటే నడుస్తుంది. గులాబీ, నిమ్మ లాంటి ఏళ్లపాటు ఉండే మొక్కకు ఇలా చేస్తే ఆకులు చివికే కొద్దీ మొక్క మొత్తం కుంగి, మొదలు మట్టిలో కూరుకుపోతుంది.

## ఎవరికి ఏది

మీ చుట్టూ చెట్లే ఉండి ఊడ్చిందంతా ఎండుటాకులే అయితే ఇంకో ఆలోచన పెట్టుకోకండి, సంచులు నింపండి. పోషకం కోసం వానపాముల ఎరువో, బాగా మాగిన పశువుల ఎరువో కొద్దిగా బయటి నుంచి తెచ్చుకుంటే సరిపోతుంది. ఆకులు మోసి తెచ్చుకోవడం తేలిక కాదు, ఎరువు కొద్దిగా తెచ్చుకోవడం తేలిక. నా సలహా మొత్తానికి ఆధారం ఇదే.

పచ్చిక, కూరగాయ మొక్కలు, కంచె కత్తిరింపులు ఎక్కువగా ఉన్నవాళ్లకు నెమ్మది కుప్ప. ఎండుటాకులు రాలే కాలంలో నాలుగు సంచులు దాచుకుని, మిగతా ఏడాది పచ్చిది వేసినప్పుడల్లా పైన కప్పుతూ పోండి. పచ్చికకు కలుపు మందు కొట్టించి ఉంటే మాత్రం ఆ గడ్డి వేయకండి. క్లోపిరాలిడ్, అమినోపిరాలిడ్ లాంటి మందులు కంపోస్ట్ అయ్యాక కూడా మిగిలి టమాటా, చిక్కుడు జాతి ఆకుల్ని మెలితిప్పేస్తాయి.

కలుపుతో నిండిన పెద్ద స్థలం ఒకేసారి శుభ్రం చేసినవాళ్లకు, చేతికి సాయం ఉన్నవాళ్లకు వేడి కుప్ప. తుంగ గడ్డలు, గరిక వేర్లు అందులో కూడా నేరుగా వేయకండి. మూత పెట్టిన బకెట్లో నీళ్లు పోసి నాలుగు వారాలు మురగబెట్టి, ఆ తర్వాత కుప్పలో కలపండి. వాసనకు ముక్కు మూసుకోక తప్పదు. మొజాయిక్ తెగులు పట్టిన మొక్కలు, వేర్లకు బుడిపెలున్న మొక్కలు ఏ కుప్పలోనూ వద్దు.

బాల్కనీ తోటలవాళ్లు రెండు సంచుల ఆకులు, ఒక చిన్న వానపాముల డబ్బా పెట్టుకుంటే ఒకటి పునాది, రెండోది తిండి. ఏదో ఒక్కటే చేయగలమంటే సంచులే.

ఈ నెలలోనే కుండీలు నింపాలనుకునేవాళ్లకు ఇంట్లో చేసేదేదీ అందదు. ఈసారికి కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు), తయారైన కంపోస్ట్ తెచ్చుకోండి. అదే రోజు ఒక సంచి ఆకులు కూడా తడిపి పెట్టండి.

## కలిపే పాళ్లు

ఎదిగిన మొక్కలకు నేను వాడేది: ఆకుల మాగుడు రెండు పాళ్లు, తోటమట్టి రెండు పాళ్లు, కంపోస్ట్ ఒక పాలు, ముతక ఇసుక ఒక పాలు. మట్టి బంకగా ఉంటే దాన్ని ఒక పాలుకు తగ్గించి ఇసుక పెంచుతాను. బరువు సమస్య ఉన్న మేడ మీద ఇసుక బదులు పెర్లైట్ (తేలికైన తెల్లటి ఖనిజపు గుళికలు) వేసుకోవచ్చు. కంపోస్ట్ బదులు వానపాముల ఎరువైతే అర పాలు చాలు.

విత్తనాలకు కంపోస్ట్ అక్కర్లేదు. రెండేళ్లు మాగిన ఆకుల పొడి, ముతక ఇసుక సమంగా కలిపి, ఆరు మిల్లీమీటర్ల జల్లెడ పట్టండి. మొలకకు మొదటి తిండి గింజలోనే ఉంటుంది. నాలుగు ఆకులు తొడిగాక తిండి ఉన్న మట్టిలోకి మార్చుకోవాలి, ఆలస్యం చేస్తే ఇందులో ఆకలితో పాలిపోతాయి. పెద్ద కుండీలకు పన్నెండు మిల్లీమీటర్ల జల్లెడ చాలు, పైన మిగిలిన పుల్లలు తిరిగి కుప్పలోకి.

బూడిద గుప్పెడుకు మించి కలపకండి, క్షార గుణం పెరిగిపోతుంది. జల్లెడ పట్టే ముందు ఎరువును కొద్దిగా తడపండి, మాస్కు పెట్టుకోండి, అయ్యాక చేతులు కడుక్కోండి. పొడి కంపోస్ట్ దుమ్ములో బూజు బీజాలు, అరుదుగా న్యుమోనియా తెప్పించే లెజియోనెల్లా జాతి బ్యాక్టీరియా ఉండవచ్చు.

## తయారైందా లేదా

రంగు చూసి మోసపోకండి, నల్లగా ఉన్నదంతా మాగినట్టు కాదు. తడిగా ఉన్న గుప్పెడు ఎరువు జిప్ కవర్లో బిగించి మూడు రోజులు వదలండి. విప్పగానే మట్టి వాసన వస్తే సరే, పులిసిన వాసనో అమ్మోనియా ఘాటో వస్తే ఇంకా పని మిగిలి ఉంది.

అనుమానం తీరకపోతే ముల్లంగి గింజలు చెప్పేస్తాయి. ఒక మూకుట్లో మీరు కలిపిన మిశ్రమం, ఇంకో మూకుట్లో మీకు నమ్మకమైన పాత కుండీ మట్టి పోసి, పదేసి గింజలు వేయండి. వారంలో రెండు చోట్లా ఇంచుమించు సమంగా మొలిస్తే కుండీలు నింపుకోండి. మీ మిశ్రమంలో తక్కువ మొలిచినా, మొలిచినవి చివర్లు మాడినా దాన్ని మళ్లీ సంచిలోకి ఎత్తి ఇంకో నెల ఆగండి. రెండో మూకుట్లో గింజలే మొలవకపోతే, తప్పు పాత గింజలది.